ఇప్పటి మజ్లిస్, రజాకార్ల మజ్లిస్ ఒకటేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ప్రతి సెప్టెంబర్ 17కీ టీవీ చర్చల్లో మజ్లిస్ అంటే రజాకార్ల పార్టీయే అని ఒకరు, దానికీ దీనికీ సంబంధమే లేదని ఇంకొకరు అరుచుకుంటారు. ఏది నిజం? ఖాసిం రజ్వీయే ఒవైసీలకు పార్టీని అప్పగించి పోయాడంటారు, అది కరెక్టేనా? ఆ పార్టీ హిందువుల్ని హైదరాబాద్ మేయర్లను చేసిందంటారు, అది కూడా నిజమేనా? ఇంత పాత పార్టీ హైదరాబాద్ దాటడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?"

మజ్లిస్ అంటే ఇవాళ మనం ఎంఐఎం అని పిలిచే ఒవైసీల పార్టీ. రజాకార్లు 1948కి ముందు నిజాం హైదరాబాద్‌లో మజ్లిస్‌కు ఉన్న సాయుధ దళం, ఖాసిం రజ్వీ వాళ్ల నాయకుడు. ముందు సూటిగా జవాబు. సంబంధం ఉంది. కానీ పార్టీ చేసే పని మారిపోయింది. పేరు అదే, రజ్వీ అప్పగించిన మాట నిజం, కేంద్ర కార్యాలయం దారుస్సలాం కూడా అదే. కాబట్టి "సంబంధమే లేదు" అనేవారి మాట నిలవదు. అయితే 1948కి ముందున్న మజ్లిస్, సంఖ్యలో తక్కువైనా పాలకవర్గంగా ఉన్నవాళ్ల పెత్తనాన్ని కాపాడటానికి పనిచేసింది. 1958 తర్వాతి మజ్లిస్, ఆ పెత్తనం పూర్తిగా పోయి భయంతో బతుకుతున్నవాళ్ల ఓట్లను కూడగట్టి, ఆ ఓట్లతో ప్రభుత్వాల దగ్గర పనులు చేయించుకోవడానికి పుట్టింది. "రెండూ ఒకటే" అనేవారు ఈ తేడాను మింగేస్తారు. మేయర్ల సంగతి కూడా నిజమే, కింద చెబుతాను.

నేను చాలా ఏళ్లు పాతబస్తీ రాజకీయాలు రాసిన రిపోర్టర్‌ని. ఉర్దూ చదవడం వచ్చు కాబట్టి పాత పత్రికలు తిరగేసే అలవాటు ఉంది. ఆ పార్టీకి నేను ఓటరును కాను, శత్రువునూ కాను. రెండు వర్గాల చేతా తిట్లు తిన్నవాణ్ణి.

ఈ చర్చ ఎప్పుడొచ్చినా నేను ఎదుటివాళ్లను అడిగేది ఒకటే: మీరు ఏ ఏడాది మజ్లిస్ గురించి మాట్లాడుతున్నారు? ఎందుకంటే 1948కి ముందే ఆ సంస్థ మూడు రూపాలు మార్చింది. 1927లో ఒకటి, 1938లో ఇంకొకటి, 1946లో మరొకటి. జనం గుర్తుపెట్టుకున్నది చివరి రెండేళ్లనే. అది సహజమే, రక్తం పారింది అప్పుడే కాబట్టి. కానీ ఆ రెండేళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

1927లో నిజాం సంస్థానపు అధికారి నవాబ్ మహమూద్ నవాజ్ ఖాన్ ఇంట్లో కొందరు ఉలేమాలు (మతపండితులు), పెద్దమనుషులు కలిసి పెట్టుకున్న సంఘం ఇది. సున్నీ, షియా, మహ్దవీ అని విడిపోయిన ముస్లింలను ఒక తాటి మీదికి తేవడం, ఏలినవారి పట్ల విధేయంగా ఉండటం, ఇంతే వాళ్ల కార్యక్రమం. అప్పట్లో సంస్థానంలో రాజకీయ పార్టీలు అన్నమాటే లేదు. సభ పెట్టాలంటే కూడా సర్కారు అనుమతి కావాలి. కాబట్టి తొలి పదేళ్ల మజ్లిస్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

అసలు కథ 1930ల్లో మొదలవుతుంది. ఆనాటి హైదరాబాద్ సంస్థానం జనాభా కోటిన్నర పైచిలుకు. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రాంతాలు కలిసిన రాజ్యం. అందులో ముస్లింలు పన్నెండు, పదమూడు శాతం. అయినా ప్రభుత్వ ఉద్యోగాల్లో, పోలీసులో, సైన్యంలో వాళ్లదే పైచేయి. చదువుల భాష, కచేరీల భాష ఉర్దూ. ఇంకోపక్క ఆర్యసమాజం బలంగా పనిచేస్తోంది, మతమార్పిడుల విషయంలో రెండువైపులా పోటీ నడుస్తోంది. 1938లో సంస్థానపు కాంగ్రెస్ పార్టీ అయిన స్టేట్ కాంగ్రెస్ పుట్టగానే నిషేధానికి గురైంది. అదే సమయంలో ఆర్యసమాజం, హిందూ మహాసభల సత్యాగ్రహాలు కూడా వచ్చాయి. "బాధ్యతాయుత ప్రభుత్వం" కావాలన్న డిమాండ్ మొదలైంది. అంటే ఓట్ల లెక్క. ఓట్ల లెక్క వస్తే పన్నెండు శాతం గతి ఏమిటి? ఈ టెన్షన్‌లో ఉన్న మధ్యతరగతి ముస్లింలకు, ఉద్యోగస్తులకు దొరికిన గొంతు బహదూర్ యార్ జంగ్.

ఈయన గురించి తెలుగులో పెద్దగా రాయలేదు. అది లోటే. 1905లో పుట్టిన పఠాన్ జాగీర్దారు. మహ్దవీ శాఖకు చెందినవాడు. సున్నీలు ఎక్కువగా ఉన్న సంఘానికి ఒక చిన్న శాఖ మనిషి 1938లో అధ్యక్షుడయ్యాడంటే ఆయన మాటకారితనం ఎంతటిదో ఊహించుకోండి. ఆయన ప్రసంగాలు విన్న ముసలివాళ్లు కొందరిని నా ఉద్యోగం తొలి రోజుల్లో కలిశాను. రాజకీయాల్లో ఆయనతో ఏకీభవించనివాళ్లు సైతం ఆ ఉర్దూ గురించి చెప్పేటప్పుడు మైమరచిపోయేవారు. ఆలిండియా స్టేట్స్ ముస్లిం లీగ్‌కు ఆయనే అధ్యక్షుడు, జిన్నాకు దగ్గరివాడు.

ఆయన కాలంలోనే మజ్లిస్‌కు ఒక సిద్ధాంతం తయారైంది. "అనల్ మలిక్", అంటే నేనే రాజును అని. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ లెక్క చాలా తెలివైనది. సార్వభౌమాధికారం నిజాం అనే ఒక మనిషిది కాదు, దక్కన్ ముస్లిం సమాజం మొత్తానిది. నిజాం దానికి గుర్తు మాత్రమే. ఈ ఒక్క వాక్యంతో రెండు పిట్టలు. హిందూ మెజారిటీ అడుగుతున్న ప్రజాపాలనకు అడ్డుపడొచ్చు, నిజాం ఏదైనా రాజీకి సిద్ధపడితే ఆయన్నీ నిలదీయొచ్చు. రిక్షా తొక్కే పేద ముస్లింకి కూడా "నువ్వూ పాలకుడివే" అన్న భ్రమ కలిగించిందీ సిద్ధాంతం. నా దృష్టిలో 1948 దాకా జరిగిన అనర్థానికి విత్తనం ఇక్కడే పడింది. రజ్వీ దగ్గర కాదు. బహదూర్ యార్ జంగ్ అభిమానులకు ఈ మాట రుచించదు, నాకు తెలుసు. రజాకార్లు అనే వాలంటీర్ దళం కూడా ఆయన హయాంలోనే మొదలైంది. కాకపోతే అప్పుడది సభల్లో, ఊరేగింపుల్లో పనిచేసే కార్యకర్తల దళం. చేతిలో తుపాకులు లేవు.

నిజాంకూ ఆయనకూ కూడా పడలేదు. బిరుదు, జాగీరు వదులుకున్నాడు. 1944 జూన్‌లో ఒక విందులో హుక్కా పీలుస్తూ కుప్పకూలి చనిపోయాడు. వయసు నలభై కూడా లేదు. విషం పెట్టారని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రుజువు అయితే లేదు.

ఆయన తర్వాత ఒకరిద్దరు అధ్యక్షులు వచ్చారు. వాళ్లు మెతకగా ఉన్నారనే విమర్శ వచ్చింది. 1946లో అధ్యక్ష పదవి ఖాసిం రజ్వీ చేతికి వచ్చింది. అలీగఢ్‌లో లా చదివి, ఇప్పటి మహారాష్ట్రలోని లాతూరులో ప్రాక్టీసు చేసిన వకీలు. రజ్వీ హైదరాబాద్ నగరపు మనిషి కాదు, నవాబుల కుటుంబం అసలే కాదు. మరాఠ్వాడా చిన్న పట్నం నుంచి వచ్చాడు. సంఖ్యలో తక్కువగా, చెల్లాచెదురుగా ఉన్న అక్కడి ముస్లింల భయం నగరంలోవాళ్ల భయం కంటే ఎక్కువ. ఆ భయాన్నే అతను రెచ్చగొట్టే ప్రసంగంగా మార్చుకున్నాడని నేననుకుంటాను.

అతని హయాంలో మజ్లిస్ ఎవరి మాటా వినని స్థితికి వెళ్లింది. ప్రధానిగా వచ్చిన సర్ మీర్జా ఇస్మాయిల్‌ను 1947 మేలో వెళ్లిపోయేలా చేసింది. అదే ఏడాది అక్టోబర్ 27 తెల్లవారుజామున, భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం (విలీనం కాకుండా, ఉన్న ఏర్పాట్లనే కొంతకాలం కొనసాగించే ఒప్పందం) కోసం ఢిల్లీ వెళ్లాల్సిన ప్రతినిధుల ఇళ్లను వేలాది మంది చుట్టుముట్టారు. అప్పటి ప్రధాని ఛత్తారీ నవాబు, నిజాం సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ వాళ్లలో ఉన్నారు. బృందం కదల్లేదు. ఛత్తారీ రాజీనామా చేశాడు, మజ్లిస్‌కు నచ్చిన మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. చివరికి నవంబర్ 29న సంతకమైన ఒప్పందం దాదాపు ముందటిదే. మరి ఆ రాత్రి సాధించిందేమిటంటే, రాజ్యంలో అసలు అధికారం ఎవరిదో నిజాంకు చూపించడం.

ఆ తర్వాతి పది నెలలే తెలంగాణ పల్లెలు మరిచిపోలేనివి. ఆయుధాలు పట్టిన రజాకార్లు పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ గురించి మీరు వినే ఉంటారు. ఊరి బురుజు మీద నుంచి కాపలా కాస్తూ ఎదిరించిన ఆ ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. సిద్దిపేట వైపు వెళ్తే చూడండి, ఊళ్లోవాళ్లు పేర్లతో సహా చెబుతారు. దానికి కొద్ది రోజుల ముందు హైదరాబాద్ నడిబొడ్డున "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. ఆయన చేసిన నేరం భారత్‌లో విలీనం కావాలని రాయడం.

ఇక్కడ రెండు విషయాలు కలపాలి. టీవీ చర్చల్లో వీటి ఊసే ఉండదు.

ఒకటి, ఆనాటి ముస్లింలంతా రజ్వీ వెనక లేరు. షోయబుల్లా ఖాన్ ముస్లిమే కదా. మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టు. రజాకార్ల ఆగడాలను ఖండిస్తూ కొందరు ముస్లిం ప్రముఖులు 1948లో బహిరంగంగా ప్రకటన ఇచ్చారు, "ఇమ్రోజ్" దాన్ని ప్రచురించింది. మజ్లిస్ లోపల కూడా రజ్వీ దూకుడు నచ్చనివాళ్లు ఉన్నారు. కాకపోతే ఆ రోజుల్లో వాళ్ల గొంతు పైకి రాలేదు.

రెండు, పల్లెల్లో జరిగిన పోరు కేవలం మతపోరు కాదు. భూమి పోరు కూడా. రైతుల తిరుగుబాటును అణచడానికి రజాకార్లను, పోలీసులను పిలిపించుకున్న దేశ్‌ముఖ్‌లలో, అంటే పెద్ద భూస్వాముల్లో, చాలామంది హిందువులే. రజ్వీ దళాలు వాళ్ల గడీల్లో భోజనం చేసి వాళ్ల శత్రువుల ఇళ్లు తగలబెట్టిన సందర్భాలు నల్లగొండ, వరంగల్ ఊళ్లలో ఎన్నో విన్నాను. దీనివల్ల రజాకార్ల నేరం తగ్గిపోదు. కానీ మొత్తం కథను "ముస్లింలు వర్సెస్ హిందువులు" అని చెబితే దేశ్‌ముఖ్‌లు హాయిగా తప్పించుకుంటారు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది (దీన్నే పోలీసు చర్య అంటారు), 17న నిజాం లొంగిపోయాడు. రజ్వీ అరెస్టయ్యాడు. ఢిల్లీ లాల్‌ఖిలా మీద ఆసఫ్‌జాహీ (నిజాం వంశపు) జెండా ఎగరేస్తామని ప్రగల్భాలు పలికిన ఉద్యమం ఐదు రోజులు నిలవలేదు. ఆ తర్వాత జరిగింది మాత్రం తెలుగు పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం కనిపించలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. చనిపోయినవారు ప్రధానంగా ముస్లింలు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

ఈ రెండు దుఃఖాలకూ ఒకదాని గురించి మరొకదానికి తెలియదు. బైరాన్‌పల్లిలో కూర్చుని మాట్లాడితే ఆగస్టు గుర్తొస్తుంది, సెప్టెంబర్ విముక్తి. పాతబస్తీలో ఒక పెద్దాయన ఇంట్లో కూర్చుంటే ఆయనకు ఆగస్టు తెలియదు. సెప్టెంబర్ తర్వాత బీదర్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన తల్లి గుర్తు. ఈ మాట రాసినందుకు ఒకసారి మా ఆఫీసుకు వచ్చిన ఉత్తరాల్లో సగం నన్ను రజాకార్ అన్నాయి, మిగతా సగం సంఘీ అన్నాయి.

ఇక 1948 నుంచి 1957 దాకా మజ్లిస్ అనేది లేనట్టే. రెండో మజ్లిస్ ఎందుకు పుట్టిందో ఈ తొమ్మిదేళ్లలో ఉంది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. వాటి మీద బతికిన నవాబులతోపాటు వాళ్ల దగ్గర గుమాస్తాలుగా, బంట్రోతులుగా, వంటవాళ్లుగా ఉన్నవాళ్లూ వీధిన పడ్డారు. నిజాం సైన్యం చెదిరిపోయింది. సర్కారు కొలువుల నుంచి చాలామందిని తీసేశారు. ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమం పోయింది. డబ్బు, చదువు ఉన్నవాళ్లు చాలామంది పాకిస్తాన్ వెళ్లిపోయారు. మిగిలింది పేదలు. పైగా 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాత సంస్థానం మూడు ముక్కలైంది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి. ఉర్దూ మాట్లాడే జనం మూడు రాష్ట్రాల్లో మూడు చిన్న గుంపులయ్యారు. వాళ్ల ఓట్లు కాంగ్రెస్‌కు, కొంత కమ్యూనిస్టులకు పడుతున్నా, వాళ్ల తరఫున అడిగేవాడంటూ ఒకడు లేడు.

ఆ దశలో 1957 సెప్టెంబర్‌లో రజ్వీ జైలు నుంచి బయటికొచ్చాడు. పాకిస్తాన్ వెళ్లిపోవాలన్న షరతు మీద విడుదల చేశారు. వెళ్లేముందు జరిగిన సమావేశంలో పార్టీ బాధ్యతను న్యాయవాది అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించాడు. అప్పగింత కట్టుకథ కాదు. రజ్వీ మళ్లీ తిరిగి రాలేదు, 1970లో కరాచీలో చనిపోయాడు. పార్టీ నాయకులు నేడు చెప్పే మాట "రజాకార్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు, ఈ దేశం మీద ప్రేమ ఉన్నవాళ్లం ఇక్కడే ఉన్నాం" అని. వేదిక మీద బాగానే పేలుతుంది. చరిత్రగా చూస్తే సగమే సరిపోతుంది. రజాకార్లలో అత్యధికులు ఎక్కడికీ వెళ్లలేదు, వెళ్లే స్తోమత వాళ్లకు లేదు. పేరు మార్చుకుని, లేదా మౌనంగా, ఇక్కడే బతికారు.

మరి కొత్త పార్టీలో ఏం మారింది? 1958లో నియమావళి తిరగరాశారు. పేరు ముందు "ఆలిండియా" చేరింది. భారత రాజ్యాంగానికి లోబడి, మైనారిటీల హక్కుల కోసం అని రాసుకున్నారు. "అనల్ మలిక్" మాటే లేదు. ఇది కాగితం మీది మార్పేనని విమర్శకులంటారు. నేను ఒప్పుకోను. అధికారం చేతిలో ఉన్నప్పుడు చెప్పే మాట, ఓటు అడుక్కునేటప్పుడు చెప్పే మాట ఒకటిగా ఉండటం సాధ్యం కాదు. మొదటి మజ్లిస్ ఎన్నికలంటే భయపడింది. రెండో మజ్లిస్ ఎన్నికల మీదే బతుకుతోంది. ఇంతకంటే పెద్ద తేడా ఏముంటుంది? వాహెద్ ఒవైసీకి కూడా ప్రభుత్వం స్వాగతమేమీ పలకలేదు. ప్రసంగాల మీద కేసు పెట్టి 1958లో జైల్లో వేసింది, నెలల తరబడి లోపలే ఉంచింది. సర్కారు చేతిలో ఉన్న దారుస్సలాంను న్యాయపోరాటం చేసి వెనక్కి తెచ్చుకున్నారు.

ఎన్నికల్లో ఎదుగుదల మెల్లగా సాగింది. 1960 మున్సిపల్ ఎన్నికల్లో కార్పొరేషన్‌లో కాలు పెట్టారు. వాహెద్ ఒవైసీ కొడుకు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ మల్లేపల్లి నుంచి గెలిచాడు. 1962లో అతనే పత్తర్‌గట్టిలో కాంగ్రెస్ మంత్రి మాసూమా బేగంను ఓడించి అసెంబ్లీకి వెళ్లాడు. ఆవిడ ఉన్నత కుటుంబం, పెద్ద చదువు, మంచి పేరు. ఆ ఓటమితో పాతబస్తీలో నవాబీ కాంగ్రెస్ కాలం చెల్లిపోవడం మొదలైంది. 1970ల మధ్యలో తండ్రి పోయాక పార్టీ సలాహుద్దీన్ చేతికి వచ్చింది. పార్టీని నిజంగా కట్టింది ఆయనే.

ఎలా కట్టాడంటే మతం మాట్లాడి అని చాలామంది అనుకుంటారు. అది ఒక భాగమే. దారుస్సలాంకు ఒక మామూలు రోజున వెళ్లి చూడండి. ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు బల్లలేసుకుని కూర్చుంటారు. రేషన్ కార్డు రాలేదని ఒకామె, కొడుకును స్టేషన్‌లో కూర్చోబెట్టారని ఒకాయన, ఆసుపత్రిలో బెడ్ దొరకలేదని ఇంకొకరు వస్తారు. అక్కడికక్కడే ఫోన్ కొడతారు, లెటర్ రాసిస్తారు. ఇతర పార్టీల నేతలు ఎన్నికల ముందు నెల కనిపిస్తే వీళ్లు ఏడాది పొడవునా దొరుకుతారు. నేను అక్కడ కూర్చుని చూసినప్పుడల్లా వచ్చేవాళ్లలో బుర్ఖా లేని ఆడవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు కూడా ఉండేవారు. దీని రెండో ముఖం కూడా చెప్పాలి. పౌరుడికి హక్కుగా రావాల్సింది నాయకుడి దయగా వస్తోంది. పాతబస్తీలో స్కూళ్లు, నీళ్లు, డ్రైనేజీ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా అలాగే ఉండటానికి ఇదీ ఒక కారణమని ఆ పార్టీ అభిమానులే నాతో గొణిగారు.

1978 నుంచి 1984 దాకా ఊరు మతకలహాలతో ఉడికిపోయింది. ఆ కాలంలో మజ్లిస్ ఓటు గట్టిపడింది, అవతల బీజేపీ ఓటూ గట్టిపడింది. ఒకరి బలం ఇంకొకరికి ఎరువు. 1984లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి వీస్తుంటే హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సలాహుద్దీన్ ఒవైసీ ఇండిపెండెంట్‌గా గెలిచాడు. అప్పటి నుంచి ఆ సీటు ఆ ఇల్లు దాటలేదు. 1996లో వెంకయ్యనాయుడు వచ్చి పోటీ చేసినా ఫలితం మారలేదు. 2008 పునర్విభజన దాకా ఆ నియోజకవర్గంలో చేవెళ్ల, వికారాబాద్, తాండూరు లాంటి ప్రాంతాలు కూడా ఉండేవన్నది గుర్తుంచుకోవాలి.

మేయర్ల సంగతికొస్తా. 1986లో కార్పొరేషన్ కాంగ్రెస్ మద్దతుతో మజ్లిస్ చేతికి వచ్చినప్పుడు ఆ పార్టీ తరఫున మేయర్లయినవారిలో కె. ప్రకాశ్‌రావు, ఎ. సత్యనారాయణ, ఆలంపల్లి పోచయ్య ఉన్నారు. పోచయ్య దళితుడు. దీన్ని కంటితుడుపు అనొచ్చు, వ్యూహం అనొచ్చు, కానీ జరగలేదని మాత్రం అనలేం.

ఇక్కడ నాకు ఇష్టమైన ఒక పాత దారం ఉంది. మజ్లిస్‌కూ దళిత నాయకులకూ దోస్తీ కొత్తది కాదు. 1948కి ముందు మజ్లిస్‌తో కలిసి నడిచిన దళిత నేతలు బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్. వెంకట్రావు లాయఖ్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి. శ్యాంసుందర్ 1948లో హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన ప్రతినిధి బృందంలో సభ్యుడు. హిందూ మెజారిటీ అన్న లెక్కలో మమ్మల్ని కలపొద్దు అన్నది వాళ్ల వాదన. ఆ పక్షాన నిలబడటం వాళ్లకు తర్వాత చాలా నష్టం చేసింది, చరిత్రలోనూ సరైన చోటు దక్కలేదు. ఇవాళ మజ్లిస్ సభల్లో "జై భీమ్ జై మీమ్" (భీమ్ అంటే అంబేడ్కర్ పేరుతో దళితులు, మీమ్ అంటే ముస్లింలు) వినిపిస్తే అది నిన్నగాక మొన్న తయారైన నినాదం అనుకుంటారు. రెండు మజ్లిస్‌లకూ మధ్య తెగకుండా సాగిన దారం ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే.

పార్టీకి లోపలి నుంచి వచ్చిన పెద్ద దెబ్బ 1993లో. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత, పీవీ నరసింహారావు ప్రభుత్వం పట్ల నాయకత్వం మెతగ్గా ఉందని ఆరోపిస్తూ సీనియర్ ఎమ్మెల్యే అమానుల్లా ఖాన్ బయటికి వెళ్లి మజ్లిస్ బచావో తెహ్రీక్ పెట్టాడు. 1994 ఎన్నికల్లో తెహ్రీక్‌కు రెండు సీట్లు, అసలు మజ్లిస్‌కు ఒకటి. ఆ ఒక్కటీ చార్మినార్ నుంచి గెలిచిన కొత్త కుర్రాడు, సలాహుద్దీన్ కొడుకు అసదుద్దీన్ ఒవైసీ. అప్పట్లో మజ్లిస్ పని అయిపోయిందని రాసిన పత్రికలున్నాయి. కానీ 1999లో అసదుద్దీన్ తమ్ముడు అక్బరుద్దీన్ చాంద్రాయణగుట్టలో అమానుల్లా ఖాన్‌ను ఓడించాడు, తెహ్రీక్ క్రమంగా చిన్నదైపోయింది. మాటల ఘాటులో తెహ్రీక్ ఎక్కువే. కానీ దారుస్సలాంలో ఉన్న ఆ బల్లలు వాళ్ల దగ్గర లేవు.

2009లో ఏడు అసెంబ్లీ సీట్లు వచ్చాయి. 2014, 2018, 2023లో కూడా ఏడే. ఇక్కడ ఎవరు అధికారంలో ఉంటే వాళ్లతో సర్దుకుపోవడం ఈ పార్టీ పాత పద్ధతి. కాంగ్రెస్‌తో చాలాకాలం నడిచి, 2012 నవంబర్‌లో చార్మినార్ పక్కన భాగ్యలక్ష్మి ఆలయం గొడవలో మద్దతు ఉపసంహరించుకున్నారు. రాష్ట్ర విభజనను వద్దన్నవాళ్లే తెలంగాణ వచ్చాక టీఆర్ఎస్‌కు మిత్రులయ్యారు. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ రాగానే ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ కుర్చీలో అక్బరుద్దీన్ కూర్చున్నాడు. దీన్ని అవకాశవాదం అంటే కాదనను. ఏడు సీట్ల పార్టీకి ఇంకో దారి ఏముందో కూడా చెప్పాలి. 2012 డిసెంబర్‌లో నిర్మల్‌లో అక్బరుద్దీన్ చేసిన ప్రసంగం విషయానికొస్తే, మతవిద్వేషం రెచ్చగొట్టాడన్న ఆ కేసును కోర్టు 2022లో కొట్టేసినా, రెండు మజ్లిస్‌లూ ఒకటే అనేవాళ్లకు అంతకంటే మంచి ఆయుధం ఎవరూ ఇవ్వలేదు.

చివరి ప్రశ్న, హైదరాబాద్ దాటడానికి ఎందుకంత ఆలస్యమైంది? మొదటి కారణం నేను పైన చెప్పిన పనితీరే. బల్లేసుకుని రోజూ కూర్చునే రాజకీయం ఒక ఊళ్లో నడుస్తుంది, పది రాష్ట్రాల్లో నడవదు. రెండోది, సలాహుద్దీన్‌కు ఆ కోరికే పెద్దగా ఉండేది కాదు. బాబ్రీ ఉద్యమంలో జాతీయ స్థాయిలో కనిపించినా పార్టీని మాత్రం మూసీ చుట్టూనే ఉంచాడు. 2008లో అధ్యక్షుడైన అసదుద్దీన్ హిందీలో, ఇంగ్లిష్‌లో టీవీల ముందు రాజ్యాంగం పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాక బయటివాళ్లకు పార్టీ పేరు తెలిసింది.

అయితే బయట మొదట ఎక్కడ గెలిచారో చూడండి. 2012లో నాందేడ్ కార్పొరేషన్‌లో 11 సీట్లు. 2014లో మహారాష్ట్ర అసెంబ్లీకి ఇద్దరు, ఒకరు ముంబై బైకుల్లా నుంచి, మరొకరు ఔరంగాబాద్ నుంచి. 2019లో ప్రకాశ్ అంబేడ్కర్ వంచిత్ బహుజన్ ఆఘాడీతో కలిసి ఔరంగాబాద్ లోక్‌సభ సీటు గెలిచారు, దాన్ని 2024లో పోగొట్టుకున్నారు. నాందేడ్, ఔరంగాబాద్ రెండూ పాత నిజాం రాజ్యంలోవే. మరాఠ్వాడాలో ఆ పేరు విని తలుపు తీసిన ఇళ్లున్నాయి, అదే పేరు విని తలుపు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. బిహార్ సీమాంచల్‌లో ఆ పాత సంబంధమేమీ లేదు. 2020లో అక్కడ ఐదుగురు గెలిస్తే, 2022లో వాళ్లలో నలుగురు ఆర్జేడీలోకి వెళ్లిపోయారు.